ఏడుపు అని రాసిన చోట

మహబూబాబాద్,
19-2-2025, బుధవారం.

అవ్వకు,

నీ బిడ్డ స్వరూప నీ కాళ్ళకు మొక్కి రాస్తున్నది. ఇక్కడ నా ఆరోగ్యం బాగానే ఉంది. జనగామలో నీ అల్లుడు, హాస్టల్లో నీ మనవరాలు రిషిత కూడా బాగున్నారు. చిట్యాలలో నువ్వు, సాంబయ్య అన్న, వదిన చల్లగా ఉన్నారనే నమ్మకంతో ఈ కాగితం ముందు కూర్చున్నాను.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. ఈసారి అక్షరాలు గీత దాటి కిందికి జారుతున్నాయి. కళ్ళద్దాలు మార్పించమని అన్నకు గట్టిగా చెప్పు. ఫోన్ చేస్తే "ఆ, మంచిదే" అని పెట్టేసే నువ్వు, ఉత్తరంలో మాత్రం నాలుగు ప్రశ్నలు అడిగావు. వరుసగానే జవాబు రాస్తాను. నా పద్ధతి నీకు తెలుసు కదా, ఒకటి వదిలి ఇంకొకటి అందుకోలేను.

మొదటిది, ఏం తింటున్నావని. ఇక్కడ దవాఖానలో అందరికీ ఒకటే వంట. రోగులకు ఉప్పూ కారం తక్కువ కాబట్టి మాకూ తక్కువే. కిటికీ తెరిస్తే కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఘాటు వచ్చి తుమ్ములు పుట్టిస్తుంది, కంచంలో మాత్రం చప్పిడి సొరకాయ. మిర్చి ఊర్లో ఉండి కారానికి మొహం వాచిపోయాను. నువ్వు పంపిన చింతకాయ తొక్కు మీదే బతుకుతున్నాను.

రెండోది, అల్లుడికి ఎవరు వండుతున్నారని. ఆయనే. సోమవారం పొద్దున నేను జనగామలో బండి ఎక్కితే మళ్ళీ గురువారం సాయంత్రం దాకా వంటిల్లు ఆయనదే. ఏ డబ్బాలో ఏముందో చీటీలు అంటించి వచ్చాను. అయినా విత్తనాల దుకాణంలో గిరాకీ ఉన్నప్పుడే నాకు ఫోన్ చేస్తారు. నిన్న, "స్వరూపా, పప్పుల ఉప్పు ఉడకక ముందేస్తరా, ఉడికినంకనా?" అని అడిగారు. ఆ ప్రశ్న మూడోసారి. నేను జవాబు చెప్పేలోపే, "నువ్వు పాటతోని మనుషులనే లేపుతున్నవట గదా, జర ఫోన్లనే ఒక పాట పాడరాదూ, నా పప్పు ఉడుకుతదేమో" అన్నారు. దుకాణంలో అందరూ నవ్వడం నాకు వినిపించింది. కోపం రాలేదు. ఈ వయసులో నన్ను చదువుకు పంపిన మనిషి, ఆ మాత్రం వేళాకోళానికి ఆయనకు హక్కుంది.

మూడో ప్రశ్న నువ్వు రాసినట్టే రాస్తున్నాను. "పాటకు రోగం పోతదా బిడ్డా? పోతే గిన్ని దవాఖానలెందుకు?"

పోదు అవ్వా. హైదరాబాద్‌లో ఈ సంగీత చికిత్స శిక్షణ మొదలైన రోజే ఆ సంగతి చెప్పారు. మందు పని మందు చేస్తుంది. చేయీ కాలూ ఆడించే పని చేయడానికి వేరేవాళ్ళు ఉన్నారు. పాట పని మనిషి పక్కన కూర్చోవడం. ముందు అతని ఊపిరి ఏ వేగంతో నడుస్తోందో చూసి, అదే వేగంతో పాట అందుకోవాలి. ఆయాసపడే మనిషికి ఒక్కసారే జోలపాట పాడితే అది అతనికి అందదు. అతనితో పాటు కొంత దూరం నడిచి, తర్వాత మన అడుగు మెల్లగా తగ్గించాలి. అప్పుడు అతని అడుగూ తగ్గుతుంది. అలిగి పొలం గట్టు వెంబడి పోతున్న మనిషిని, ఆ మాటా ఈ మాటా చెప్తూ ఇంటికి మళ్ళించినట్టు.

పక్షవాతం వచ్చి నోరు పడిపోయినవాళ్ళ సంగతి ఇంకా వింత. తలలో మాట ఉండే చోటు దెబ్బతిన్నా, పాట ఉండే చోటు ఒక్కోసారి క్షేమంగా మిగులుతుందట. నీళ్ళు అని అడగలేని మనిషి, పాటలో నీళ్ళు అనే మాట వచ్చేసరికి అనేస్తాడు. ఆ మాటను పాటలోంచి మెల్లగా విడదీసి అతని చేతికి ఇవ్వాలి, గుల్ల పగలకుండా పత్తి తీసినట్టు.

మధ్యాహ్నం రెండు దాటాక మా హాలు నువ్వు చూడాలి. ఎనిమిది మంచాలు, కిటికీలకు నీలం గుడ్డలు. వెలుగు నీళ్ళ అడుగున ఉన్నట్టు పడుతుంది. శ్రుతి పెట్టె చిన్నగా మోగుతూ ఉంటుంది. మూలన పడుకున్న ముసలి పంతులు కళ్ళు తెరవకుండానే దుప్పటి మీద వేలితో తాళం వేస్తాడు. వెనక నుంచి గూడ్సు బండి పోతే మంచాల ఇనుప కాళ్ళు సన్నగా వణుకుతాయి. ఎప్పుడో ఒకసారి ఇంజన్ కూత వచ్చి సరిగ్గా మా శ్రుతిలో కలుస్తుంది. ఆ క్షణం హాలు మొత్తం కట్టు విప్పిన పడవలా ఎటో సాగిపోతున్నట్టు ఉంటుంది. నేను కుర్చీలో ఉన్నానన్న సంగతే మరిచిపోతాను. నాకు తొమ్మిదేళ్ళు. నువ్వు కూలోళ్ళతో కలిసి నాటు వేస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ పాడుతుంటావు. మడిలో నీ కాళ్ళ చుట్టూ మబ్బులు. మళ్ళీ బండి వెళ్ళిపోతుంది, నా చేతిలో నాడి చూసే గడియారం ఉంటుంది.

ఇక నాలుగో ప్రశ్న. "కమ్లీకి మాట వచ్చిందా?"

పోయిన ఉత్తరంలో కమ్లీ గురించి సగమే రాశాను. మొత్తం రాయడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు మొదటి నుంచి రాస్తాను.

కమ్లీకి యాభై రెండేళ్ళు. గూడూరు దగ్గర ఒక తండా. జనవరిలో మిర్చి ఏరుతూ చేనులోనే పడిపోయింది. కుడి చేయి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ఏమడిగినా "ఊ" అనే శబ్దం ఒక్కటే. ఆమె భర్త జాల్యా పగలంతా కిటికీ పక్కన కూర్చునేవాడు. అందరూ నన్ను పాటలమ్మ అంటే అతను మాత్రం డాక్టరమ్మా అంటాడు, కాదని ఎన్నిసార్లు చెప్పినా.

"ఆమె మాట బందయిన మొదటి రెండు దినాలు నేను ఖుషీ అయిన డాక్టరమ్మా," అన్నాడు ఒకసారి. "ముప్పై ఏండ్ల సంది నా చెవులకు సెలవు దొరకలే. మూడోనాడు పొద్దున లేచి చూస్తే ఇల్లంత సప్పుడు లేదు. గప్పుడు భయమైంది."

అతను ఒక గడువు పెట్టాడు. "ఫిబ్రవరి ఇరవై మూడు, ఆదివారం దాకా చూస్త. మాటొచ్చినా రాకున్నా తీస్కపోత. చేను మీద మిర్చి ఎండిపోతుంది, ఏరెటోళ్ళు లేరు." నాకు పని నేర్పే శశికళ మేడం ఆ మాట విని, నన్ను పక్కకు పిలిచింది. మొదటి రెండు మూడు నెలల్లో కదిలిన మాటే ఎక్కువగా వస్తుందట. ఇంటికి పోతే ఆమెతో రోజూ కూర్చునేవాళ్ళు ఉండరు. కమ్లీకి మాట రావాలంటే ఈ నాలుగు వారాలే దారి.

రోగికి వాళ్ళ సొంత పాటే పెట్టాలి, మనకు నచ్చిందని మన పాట పెట్టకూడదు. అందుకని జాల్యాను అడిగాను. అతను తన ఫోన్లోంచి ఒకటి తీసి ఇచ్చాడు. "గిది ఆమె గొంతే. మా బిడ్డ పెండ్లి దినం పాడింది," అని చెప్పి, ఏదో మందు తేవడానికి బయటికి పోయాడు.

జనవరి ఇరవై ఏడున, మధ్యాహ్నం రెండున్నరకు, ఆ పాట పెట్టాను. కమ్లీ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. గొంతులోంచి సన్నగా ఒక ధ్వని లేచి, ఎక్కి, విరిగి, మళ్ళీ లేచింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. శరీరం ముందుకూ వెనక్కూ ఊగుతోంది. నాకు భయం వేసింది. రోగికి బాధ కలిగితే పాట ఆపాలన్నది మాకు నేర్పిన నియమం. ఒకటిన్నర నిమిషానికే ఆపేశాను. కొంగుతో ఆమె మొహం తుడిచి, "ఊకో కమ్లమ్మా, ఊకో" అన్నాను. ఆమె వెంటనే ఊరుకుంది.

ఒక్కో రోగికి ఒక్కో పుస్తకం ఉంటుంది. తారీఖు, నాడి, పాట, ఎన్ని నిమిషాలు, ఏం కనిపించింది, అన్నిటికీ గడులు గీసి పెట్టుకున్నాను. చివరి గడిలో ఇలా రాశాను: "ఏడుపు. బాధ. ఈ పాట మళ్ళీ వాడరాదు." దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. నా పుస్తకం అంత శుభ్రంగా ఇంకెవరిదీ ఉండదని మేడం అంటుంది.

ఆ తర్వాత మూడు వారాలు పండుగ పాటలు, చప్పట్ల పాటలు, పిల్లలు గంతులేసే పాటలు పెట్టాను. కమ్లీ నన్ను, చుట్టాలింటి పిల్ల ఎగిరి చూపిస్తుంటే చూసినట్టు, మర్యాదగా చూసేది. రెండుసార్లు ఎడమ చేత్తో జాల్యా ఫోన్‌ను నా వైపు తోసింది. పాటలు వద్దంటోందేమో అనుకున్నాను. "మార్పు లేదు" అని రాశాను. మర్నాడూ అదే రాశాను. ఇరవై ఒక్క రోజులు.

మొన్న సోమవారం కమ్లీ అక్క ద్వాలీ వచ్చింది. వాళ్ళది మీ వైపే అవ్వా, మొగుళ్లపల్లి అవతల తండా. భర్త దేవ్యాతో కలిసి మూడు బస్సులు మారి వచ్చింది. అప్పుడు మూడు గంటలు. హాలంతా సగం నిద్రలో ఉంది. ద్వాలీ లోపలికి వచ్చి సంచీ కింద పెట్టింది. ఎట్లున్నావని అడగలేదు. నేరుగా పోయి మంచం మీద కూర్చుని, చెల్లెలి భుజం మీద తల పెట్టి, గొంతెత్తి రాగం ఎత్తుకుంది. మరుక్షణం కమ్లీ కూడా.

నేను పరుగెత్తాను. "ఏడిపియ్యకమ్మా! ఆమెకు మంచిది గాదు!" అని ద్వాలీ భుజం పట్టుకున్నాను.

జాల్యా లేచి నిలబడ్డాడు. "చెయ్యి తియ్యి డాక్టరమ్మా. ఏడుస్తలేరు వాళ్ళు. పలకరించుకుంటున్నరు."

"కండ్ల నీళ్ళు గట్ల కారుతుంటె?"

"నీళ్ళుంటయ్ మరి. మా ఆడోళ్ళు చాన్నాళ్ళకు కలిస్తె గిట్లనే. బిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు గిట్లనే. మీరైతే 'మంచిగున్నవా' అంటరు, అయిపాయె. మా వాళ్ళకు గా ఒక్క మాట అననీకె అర్ధగంట పడ్తది."

నా చెయ్యి ఇంకా ద్వాలీ భుజం మీదే ఉంది. తీశాను.

"ఇను," అన్నాడు జాల్యా. మంచం వైపు వంగి చెవి పెట్టాడు. "ఇను డాక్టరమ్మా, మాటలున్నయ్. ఆమె నోట్ల మాటలున్నయ్."

నాకు వాళ్ళ లంబాడీ భాష రాదు. ఎక్కే గొంతూ దిగే గొంతూ తప్ప ఏమీ తెలియలేదు. అతను నా పక్కన నిలబడి గుసగుసగా చెప్పుకుంటూ పోయాడు. "యాడీ అంటుంది. అంటే అమ్మ. మన యాడీ ఉంటె నా తల దువ్వుతుండె అంటుంది. గింత దూరమొస్తివి, నీ కాళ్ళు నొయ్యలేదా అక్కా అంటుంది. గీడ జర తెలుస్తలేదు, సగమే వస్తుంది... ఇగో, నా పేరు తీసింది."

"ఏమంటున్నది?"

"తిడ్తుంది. గీ ముసలోడు నలభై దినాల సంది చక్కెర లేని చాయ్ తాపుతుండు అంటుంది." నవ్వబోయాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.

శ్రుతి పెట్టె మోగుతూనే ఉంది. అక్కాచెల్లెళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఊగుతున్నారు. మూల మంచం మీది పంతులు వేలు ఆపి వింటున్నాడు. నీలం వెలుగులో వాళ్ళ చేతుల గాజులు నెమ్మదిగా కదులుతుంటే, ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. గడియారం చేతిలోనే ఉంది, చూడలేదు. ఆ రోజు నిమిషాల గడి ఖాళీగా ఉండిపోయింది.

సాయంత్రం పుస్తకం తీసుకుపోయి శశికళ మేడం ముందు పెట్టాను. జరిగింది చెప్పాను. ఆమె ఎర్ర గీత ఉన్న చోట వేలు పెట్టింది.

"కండ్లతోని చూసింది రాయమంటి గదా స్వరూపా. నువ్వు అనుకున్నది రాసినవ్."

"తప్పయింది మేడం. ఈ పేజీ తీసేసి మళ్ళ రాసుకొస్త."

"తియ్యద్దు. కొట్టెయ్యద్దు గూడ. కింద ఇయ్యాల్టి తారీఖు వేసి, అసలైంది రాయి. రేపు నీ అసొంటి ఇంకొకామె చదువుతది."

అక్కడే కూర్చుని రాశాను. "కళ్ళలో నీరు. పెదవులు మాటలకు కదిలాయి. ధ్వని ఎక్కుతూ దిగుతూ వచ్చింది. దాన్ని నేను ఏడుపు అనుకుని ఆపాను." ఆ ఇరవై ఒక్క రోజుల వల్ల కమ్లీకి ఎంత నష్టం జరిగిందని మేడంను అడిగాను. "ఎవలు చెప్పలేరు" అంది.

కాబట్టి నీ నాలుగో ప్రశ్నకు జవాబు ఇది. మాట వచ్చింది, కొంచెం. ఆ వరసలో పెట్టి పాడితేనే వస్తుంది. నిన్న నీళ్ళు అడిగింది. ఇవాళ పొద్దున జాల్యాను పేరు పెట్టి పిలిచింది, అతను విననట్టు నటించి రెండోసారి పిలిపించుకున్నాడు. ఆదివారం తీసుకుపోవడం మాత్రం ఆగదు. ద్వాలీ రెండు నెలలు చెల్లెలి దగ్గరే ఉంటుంది. వరస పట్టి మాట విడదీయడం నేను ఆమెకు నేర్పుతున్నాను, ఆ వరస ఆమె నాకు నేర్పుతోంది. నేను ప్రతి మంగళవారం తండాకు పోతాను.

అవ్వా, నువ్వు అడగనిది ఒకటి ఉంది. ఇంతసేపూ దాని చుట్టే తిరుగుతున్నాను.

సోమవారం జాల్యా "చెయ్యి తియ్యి" అన్నప్పుడు నాకు ద్వాలీ భుజం కనిపించలేదు. నీ భుజం కనిపించింది.

ఆరేళ్ళ కింద, జనగామలో మా ఇంట్లో, పొద్దున పదకొండుకు బాపు పోయాడు. నువ్వు ఆయన పక్కన కూర్చుని రాగం ఎత్తుకున్నావు. పెండ్లినాడు వాగు దాటించిన సంగతి. బావిలో మొదటిసారి నీళ్ళు పడితే తలగుడ్డ తడిపి నీ మీద పిండిన సంగతి. ఎర్ర కోడెను అమ్మిన రోజు అన్నం తినని సంగతి. ఆ మూడే నేను విన్నది. అప్పటికి కాలనీవాళ్ళు వచ్చారు. దుకాణం ద్వారా తెలిసినవాళ్ళు వచ్చారు. గుమ్మంలో ఒకామె ఇంకొకామె చెవిలో ఏదో చెప్పి పెదవి బిగించి నవ్వు ఆపుకోవడం చూశాను. నేను వచ్చి నీ భుజం పట్టి లేపాను. లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాను. "అవ్వా, ఊకో. గిది మన ఊరు గాదు. నలుగురు నవ్వుతరు" అన్నాను.

నువ్వు నా మొహం చూశావు. కొంగు నోట్లో కుక్కుకున్నావు.

జనగామ నుంచి చిట్యాల దాకా బండిలో నీ నుంచి ఒక్క శబ్దం రాలేదు. ఊర్లో ఆడవాళ్ళు ఎదురొచ్చి నిన్ను పట్టుకుని రాగం ఎత్తుకున్నారు, నువ్వు అందుకుంటావని చూశారు. నువ్వు అందుకోలేదు. అప్పుడు మన పక్కింటి సత్తెమ్మ అన్న మాట నా చెవిన పడింది. "మొగడు పోతె కండ్ల నీళ్ళన్న రాలే. కడుపు గట్టిది గీమెది." నాలుగు అడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాను. నేనే ఊకోమన్నానని చెప్పలేదు. పదకొండు రోజులూ చెప్పలేదు. పైగా జనగామ వచ్చాక అడిగినవాళ్ళందరికీ "మా అవ్వ ధైర్యంగా తట్టుకుంది" అని చెప్పాను. అది మెచ్చుకోలు అనుకున్నాను.

ఆ రోజు నుంచి నువ్వు నా ముందు ఏడవలేదు. పాడలేదు. రిషితను ఒళ్ళో పడుకోబెట్టుకున్నా ఊరికే వీపు నిమిరేదానివి. నేను చూస్తూనే ఉన్నాను, పెద్దతనం అనుకున్నాను.

కొట్టివేయడానికి వీల్లేదు కాబట్టి కింద రాస్తున్నాను, ఇవాల్టి తారీఖుతో. బాపు పోయిన రోజు మా అవ్వ ఏడుస్తోందని నేను అనుకున్నాను. మా అవ్వ బాపుతో మాట్లాడుతోంది. మధ్యలో ఆపింది నేను.

దేవ్యా రేపు ఊరికి తిరిగి పోతున్నాడు. చిట్యాల మీదుగానే కాబట్టి ఈ ఉత్తరం అతని చేతికి ఇస్తున్నాను. ఈ వారం జనగామ పోకుండా ఇక్కడే ఉండి, ఆదివారం కమ్లీని ఆటో ఎక్కించి నేను నేరుగా నీ దగ్గరికి వస్తాను, సాయంత్రం నాలుగుకల్లా ఉంటాను. నువ్వు నన్ను తిట్టినా సరే, "ఆ, మంచిదే" అని ఊరుకున్నా సరే. బాపుకు చెప్పాల్సిన మిగతా మాటలు ఆరేళ్ళ తర్వాత వస్తాయో రావో నాకు తెలియదు. ఎంత నష్టం జరిగిందో ఇక్కడ కూడా ఎవరూ చెప్పలేరు. వస్తే మాత్రం లోపలి గదిలో వద్దు, వాకిట్లో కూర్చుందాం. సత్తెమ్మను నేనే పోయి పిలుచుకొస్తాను. నువ్వు మొదలుపెట్టక ముందే ఆమెకు ఒక సంగతి చెప్పాలి.

ఇట్లు,
ఆ రోజు నిన్ను ఊకోమన్న నీ బిడ్డ,
స్వరూప